మాట్లాడించి వస్తాం



మన కడప జిల్లాలో ఎవరైనా చనిపోతే, ఆ ఇంటికి బయలుదేరేటప్పుడు మనం వాడే మాట ఒకటుంది. పరామర్శించారని పేపర్లో రాస్తారు, సంతాపం తెలిపారని వార్తల్లో చదువుతారు. ఇండ్లలో ఆ మాటలు వినపడవు. "పోయి వాళ్లను మాట్లాడించి వస్తాం" అంటాం. "ఒగసారి పోయి మాట్లాడిచ్చి రాపో నాయనా" అని మా అమ్మ నన్ను ఎన్ని ఊళ్లకు పంపించిందో లెక్క లేదు. నేను పోయేవాణ్ని, కాసేపు కూర్చునేవాణ్ని, నాకు తెలిసిన నాలుగు ధైర్యం మాటలు చెప్పి వచ్చేవాణ్ని. అమ్మ నన్ను పంపింది మాట్లాడటానికి కాదు, మాట్లాడించడానికి అని నాకు తోచలేదు. నేను చెప్పాల్సింది ఏమీ లేదు, ఆ ఇంటివాళ్ల చేత చెప్పించాలి. ఈ తేడా మా నాయన పోయిన తర్వాతగానీ నాకు అర్థం కాలేదు. ఈ పూట ఆ సంగతే మీతో చెప్పుకుందామని వచ్చినాను.

మాది పులివెందుల దగ్గర పల్లె. చెల్లెల్ని జమ్మలమడుగుకు ఇచ్చినాం. నేను ప్రొద్దుటూరులో పంతులు ఉద్యోగం చేస్తూ అక్కడే నిలబడిపోయినాను. మా ఇంటి మంచి చెడ్డలన్నీ ఈ మూడు ఊళ్ల మధ్య బస్సుల్లోనే జరుగుతుంటాయి. నాయన పోయిన కబురు కూడా నాకు బస్సులోనే అందింది. పొద్దున్నే అన్న ఫోన్ చేసి, "నాయనకు బాగలేదు, బిరీన రా" అన్నాడు. ఉన్న బట్టలతో బస్సెక్కినాను. ముద్దనూరు దాటినాక మళ్లీ ఫోన్ వచ్చింది. "యాడికొచ్చినావు?" అన్నాడు. చెప్పినాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరే, నిదానంగా రా" అన్నాడు.

ఆ "నిదానంగా" అన్న మాటతోనే తెలిసిపోయింది. రెండు గంటల కింద బిరీన రమ్మన్నవాడు ఇప్పుడు నిదానంగా రమ్మంటున్నాడంటే ఇంక తొందరపడాల్సిన పని లేదని అర్థం. కిటికీ బయట చూస్తే అవే కంపచెట్లు, అవే గుట్టలు. పక్కసీటాయన పులివెందులకు టికెట్ ఎంతని నన్నడిగితే చెప్పినాను కూడా. మనిషి అట్లాంటప్పుడు కూడా టికెట్ ధర చెప్పగలడు.

అంతకు ముందు ఆదివారం నాయన ఫోన్ చేసి, కాయ కోత ఉంది, వచ్చి పోతావా అని అడిగినాడు. పరీక్ష పేపర్లు దిద్దేదుంది, వచ్చే వారం వస్తానన్నాను. సరేలే అన్నాడు. ఆ "సరేలే" నా చెవిలో ఇప్పటికీ ఉంది. తల్లినో తండ్రినో పోగొట్టుకున్న ప్రతి మనిషి దగ్గరా ఇట్లాంటి మాట ఒకటి ఉంటుందని తర్వాత తెలిసింది. రానని చెప్పిన ఆదివారం ఒకరిది, ఎత్తని ఫోను ఒకరిది, కొనిస్తానని కొనియ్యని కళ్లద్దాలు ఒకరివి.

మా పక్క చాలా ఇండ్లలో మాదిరిగానే మేమూ మా చేన్లోనే పూడ్చిపెట్టుకున్నాం. నాయన పెంచిన చీనీ తోట గట్టునే. మూడో దినం పాలు పోసినాం. పెద్ద దినం వరకు ఇంటి నిండా జనం, పొయ్యి మీద ఎప్పుడూ ఏదో ఒక డేగిశా. ఎవరికి కబురు పోయింది, ఎవరికి పోలేదు, షామియానా ఎన్ని రోజులు, విస్తర్లు ఎన్ని. ఆ పదకొండు దినాలు మన పెద్దలు ఊరికే పెట్టలేదు. కొడుకులకు కాళ్లూ చేతులూ ఆడటానికి పని పెట్టినారు. ఆ పని లేకపోతే నేను మొదటి రోజే కూలబడిపోయేవాణ్ని.

వచ్చినవాళ్లు మంచి మాటలే చెప్పినారు. నిండు వయసే కదా అన్నారు. మంచాన పడి తీసుకోకుండా పోయినాడు, పుణ్యాత్ముడు అన్నారు. నువ్వే ఇట్లయితే అమ్మకు ఎవరు ధైర్యం చెప్పాల అన్నారు. ఒక్కటి కూడా అబద్ధం కాదు. అయితే ఆ మాటల్లో ఏ ఒక్కటి విన్నాక కూడా నాకు నోరు తెరవబుద్ధి కాలేదు. నిండు వయసు అన్న తర్వాత ఇంక నేను చెప్పుకునేదేముంది? తలూపడమే. పదకొండు దినాలు తలూపుతూనే ఉన్నాను.

ఆ ఇంట్లో నిజంగా మాట్లాడింది ఒక్క మా మేనత్త. ఆమె వాకిట్లోకి వస్తూనే అమ్మ మెడ పట్టుకుని శోకం ఎత్తుకుంది. "గండి తిరణాలకు బుజానెత్తుకోని పోతివే అన్నా, ఎర్ర రిబ్బన్లు కొనిస్తివే అన్నా, కాలికి ముల్లిరిగితే పిన్నీసుతో తీసి నోటితో ఊదితివే అన్నా, ఈపొద్దు ఒగ మాటన్నా చెప్పకపోతివే" అని. శ్రావణ శనివారాల్లో పాపాగ్ని గట్టున గండి ఆంజనేయస్వామి తిరణాల జరుగుతుందని తెలుసు గానీ, మా నాయన అక్కడ చెల్లెలికి ఎర్ర రిబ్బన్లు కొనిచ్చినాడని నాకు ఎట్లా తెలుస్తుంది? ఆయన అప్పటికి నా మనవడంత పిల్లోడు. మా ఆడవాళ్ల శోకం వట్టి ఏడుపు కాదు. పోయిన మనిషి ఎవరికి ఏం చేసినాడో, ఏం తినేవాడో, ఏ మాట అనేవాడో, రాగం తీసి వరసగా చెప్పుకుంటూ పోయే బతుకు కథ అది. రాసిపెట్టే చదువు లేని ఇండ్లలో మనుషుల చరిత్ర అట్లా నిలిచింది. ఇప్పుడు ఆ శోకం మనకు నామోషీ అయిపోయింది. పట్నం నుంచి వచ్చిన బంధువులు ఇబ్బందిగా కదులుతా ఉంటే, నేనే పోయి, "ఊరుకో అత్తా, నీకు బీపీ ఉంది" అన్నాను. ఆమె ఊరుకుంది. అంతకు మించిన తప్పు ఆ పదకొండు దినాల్లో నేను ఇంకొకటి చెయ్యలేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఇంకా ఎన్ని సంగతులు ఆమె నోట్లోనే ఆగిపోయినాయో.

నాకు మాత్రం ఏడుపు రాలేదు. ప్రొద్దుటూరుకు తిరిగి వచ్చి బడికి పోయినాను, పాఠాలు చెప్పినాను. గుండె రాయి చేసుకున్నాడని పక్కవాళ్లు మెచ్చుకున్నారు. మా నాయన కూడా అట్లాంటివాడే. సొంత తల్లి పోయినప్పుడు ఆయన కంట్లో చుక్క నీరు ఎవరూ చూడలేదు. అదే మనిషి, 2009 సెప్టెంబర్‌లో నల్లమలలో హెలికాప్టర్ కూలి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు పోయిన వార్త టీవీలో వచ్చినప్పుడు, తుండుగుడ్డతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చినాడు. ఆ వారం మా పల్లెల్లో ఎంతమంది మగవాళ్లు అట్లా ఏడ్చినారో మీకూ గుర్తుండే ఉంటుంది. ఆయన్ను పూడ్చిన ఇడుపులపాయకు నడిచి పోయినవాళ్లు ఉన్నారు. రాజకీయం మాట పక్కన పెట్టండి. ఆ రోజు మా నాయన ఏడ్చింది ఆ ఒక్క మనిషి కోసమేనా, ఏండ్ల కింద మా జేజి కోసం ఏడవని ఏడుపు కూడా అందులో కలిసి వచ్చిందా అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆగిపోయిన దుఃఖం ఎక్కడికీ పోదు. దారి దొరికిన చోట బయటపడుతుంది.

నెల గడిచినాక తోట చూసి వద్దామని పల్లెకు పోయినాను. తోటలో మోటారు షెడ్డు ఉంది. మూడు వైపులా గోడలు, పైన రేకులు, లోపల స్టార్టర్ డబ్బా. ఆ డబ్బా పక్క గోడ మీద బొగ్గుతో రాసిన లెక్కలు కనపడినాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్న గోడే, ఎప్పుడూ చదవలేదు. కరెంటు ఏ వారం పగలు, ఏ వారం రాత్రి. ఏ తేదీన ఏ సాళ్లకు నీళ్లు కట్టినాడు. ఎన్ని మూటలు ఎరువు. ఒక చోట "పెద్దోడు వచ్చె", ఇంకో చోట "చిన్నోడు వచ్చె" అని కూడా ఉంది. చిన్నోడు అంటే నేను. నేను వచ్చిన రోజులు తేదీలతో సహా నీళ్ల లెక్కల మధ్యలో రాసి ఉన్నాయి. ఒక ఏడాది మొత్తానికి నాలుగే ఉన్నాయి. కింద చివరి వరసలో తేదీ ఉంది, సాళ్ల లెక్క లేదు. స్టార్టర్ వేసి తేదీ రాసినాడు, నీళ్లు కట్టడం పూర్తి కాకముందే గట్టు మీద కూలబడినాడు. ఆ గోడ ముందు చాలాసేపు నిలబడినాను. అప్పుడు కూడా ఏడుపు రాలేదు. గొంతులో ఏదో అడ్డం పడినట్టే ఉండింది.

నన్ను మాట్లాడించినవాడు కాయల సాయబు.

ఆయన పేరు వేరే ఉంది గానీ మా ఊళ్లో అందరూ ఆయన్ను కాయల సాయబు అనే పిలుస్తారు. ముప్పై ఏండ్లుగా మా తోటల కాయ కొనే వ్యాపారి. నాయన పోయినప్పుడు లోడుతో ఢిల్లీ పక్కకు పోయినాడంట, ఆ తర్వాత ఆయనకే ఒళ్లు బాగలేదంట. పెద్ద దినం అయిపోయి, షామియానాలు ఎత్తేసి, వచ్చే పోయే జనం అంతా నిలిచిపోయినాక, ఒక సాయంత్రం కర్ర పట్టుకుని వచ్చినాడు. మా అరుగు మీద నల్లబండ మీద కూర్చున్నాడు. నిండు వయసనీ అనలేదు, ధైర్యమనీ అనలేదు.

"ఎట్ల పోయినాడో చెప్పు అబ్బీ. మొదట్నించి చెప్పు" అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టినాను. ఆయన మధ్య మధ్యలో అడుగుతున్నాడు. పొద్దున ఎన్నింటికి లేసినాడు? సద్ది తిన్నాడా? చెప్పులేసుకోని పోయినాడా, వట్టి కాళ్లతో పోయినాడా? మొదట చూసిందెవరు? నేను అక్కడ లేను కాబట్టి అన్న చెప్పినవి గుర్తు తెచ్చుకుని చెబుతున్నాను. "నీళ్లు తాగినాడా?" అని అడిగినాడు సాయబు. "తాగినాడంట మామా. అన్న బోరు నీళ్లు దోసిట్లో పట్టి పోసినాడంట. రెండు గుక్కలు తాగినాడంట" అన్నాను. అంతే, ఆ రెండు గుక్కల దగ్గర నాకు కట్ట తెగింది. ముప్పై రోజుల ఏడుపు ఒక్కసారి వచ్చింది. ఆయన ఊరుకో అనలేదు. వీపు తట్టలేదు. కర్ర పక్కన పెట్టుకుని, నా ఏడుపు అయ్యేంత వరకు తోట వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "రెండు గుక్కలు తాగినాడు కదా, మంచిది. సొంత బోరు నీళ్లు" అన్నాడు.

అప్పుడు తన వంతు చెప్పినాడు. ఇరవై ఏండ్ల కింద కరువులో పులివెందుల పక్క బోర్లన్నీ ఒట్టిపోయి, ట్యాంకర్లతో నీళ్లు తోలి చీనీ చెట్లు కాపాడుకున్న రోజులు మీకు తెలిసే ఉంటాయి. ఆ ఏడు మా తోట కాయకు సాయబు ముందే అడ్వాన్సు ఇచ్చినాడంట. కాయ నిలవలేదు. వచ్చే కాపులో చూసుకుందాంలే అని సాయబు అంటే, నాయన ఒప్పుకోలేదంట. ఒక రోజు సాయబు ఇంట్లో లేనప్పుడు పోయి, వాళ్లమ్మ చేతిలో డబ్బు పెట్టి వచ్చేసినాడంట. "జత ఎద్దులు అమ్మి తెచ్చినాడని నాకు తర్వాత తెలిసె" అన్నాడు సాయబు. ఆ ఎద్దులు అమ్మినప్పుడు నేను అడిగితే, వాటికి వయసైపోయింది లేరా అని చెప్పినాడు నాయన. ఇన్నేండ్లూ అదే నిజమనుకున్నాను. మనిషి పోయిన తర్వాత కూడా ఆయన గురించి కొత్త సంగతి ఒకటి తెలియడం ఎంత పెద్ద సంపదో, ఆ పొద్దు గూకే వేళ నల్లబండ మీద కూర్చుని తెలుసుకున్నాను.

సాయబులలో మామూలు మనిషి పోతే మూడు దినాల కంటే ఎక్కువ దుఃఖం పాటించకూడదని చెబుతారు. భర్త పోయిన ఆడమనిషికైతే నాలుగు నెలల పది రోజులు. ఆయనే ఈ లెక్క నాకు చెప్పి, "లెక్క దేవునిది అబ్బీ, మనసు మనది. నలబయ్యో దినం కూడా చేసుకుంటాం, అప్పుడూ నాలుగు మాటలు చెప్పుకుంటాం" అన్నాడు.

మా చెల్లెలు జమ్మలమడుగులో ఉంటుందన్నాను కదా. 1890ల నుంచి లండన్ మిషన్ వాళ్ల ఆసుపత్రి నడిచిన ఊరు కాబట్టి అక్కడ పాత క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి. చెల్లెలి ఇంటి పక్క ఒక పెద్దామె ఉంది. ఈస్టర్ ముందు రోజు పోయి భర్త సమాధికి సున్నం కొట్టించి వస్తుంది. తెల్లారుజామున చీకటి ఉండగానే కొవ్వొత్తులు, పూలు తీసుకుని ఇంటిల్లిపాదీ సమాధుల తోటకు పోతారు. ప్రార్థన అయినాక పిల్లలు పక్కకు పోతే, ఆమె ఆ రాతి పక్కన చతికిలబడి భర్తకు ఇంటి సంగతులు చెబుతుందంట. మనవరాలికి నర్సింగు సీటు వచ్చిన సంగతి, ఇంటి పన్ను పెరిగిన సంగతి, అన్నీ. నాయన పోయిన ఏడాది చెల్లెలు కూడా వాళ్ల వెంట పోయింది. అక్కడ మా నాయన సమాధి లేదు. ఆ పెద్దామె తన దగ్గరున్న కొవ్వొత్తుల్లో ఒకటి తీసి చెల్లెలి చేతికిచ్చి, "ఇది మీ నాయనకు పెట్టమ్మా, ఈయన పక్కనే పెట్టు, ఏమీ అనుకోడు" అన్నదంట. చెల్లెలు ఆ సంగతి నాకు ఫోన్లో చెబుతూ ఏడుస్తూనే నవ్వింది.

పోయినవాళ్లతో మాట్లాడటం మనకు కొత్త కాదు. అయిదు వందల ఏండ్ల కింద మన తాళ్లపాక వాళ్ల ఇంటి కొడుకు ఒకాయన చేసింది ఈ పనే. అన్నమయ్య 1503లో, దుందుభి నామ సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు దేహం చాలించినాడు. ఆ తిథి ఇంత కచ్చితంగా మనకు తెలియడానికి కారణం రాగిరేకులు. ఆయన కొడుకు పెదతిరుమలయ్య తండ్రి కీర్తనలను రెండు వేలకు పైగా రేకులకు ఎక్కించే పని తలకెత్తుకున్నాడు, ఆ రేకుల్లోనే తండ్రి వెళ్లిపోయిన తిథి కూడా చెక్కి ఉంది. మా మోటారు షెడ్డు గోడ మీది తేదీ లాగానే. అంతటితో ఆగలేదు. ఏడాది తిరిగి ఆ ద్వాదశి వచ్చిన రోజు, తండ్రిని పేరు పెట్టి పిలిచి, నాయనా ఈ రోజు నీ తిథి, నువ్వు కొలిచిన పెద్దలందరినీ వెంటబెట్టుకుని మన ఇంటికి రా అని ఒక కీర్తన కట్టినాడు. ఆయన వేల కీర్తనలు రాసిన తండ్రికి కొడుకు, తనూ పెద్ద కవి, వేంకటేశ్వరుడి కొలువులో మనిషి. అయినా ఆ కీర్తనలో ఉన్నది మాత్రం పీట వేసి విస్తరి పరిచి వాకిట్లో నిలబడి నాయన కోసం ఎదురు చూసే కొడుకే. ఆ తర్వాత పెదతిరుమలయ్య కొడుకు చిన్నన్న తాత జీవితాన్ని ద్విపదలో రాసినాడు. ఈ రోజు అన్నమయ్య గురించి మనం చెప్పుకునే కథల్లో చాలా భాగం ఆ మనవడు రాసిపెట్టినవే. ఆ ఇంట్లో మూడు తరాలు మాట్లాడుకుంటూనే ఉన్నారు కాబట్టి మనకు అన్నమయ్య మిగిలినాడు.

మన కాలంలోనూ అట్లనే. ప్రొద్దుటూరు వీధుల్లో నడిచిన పుట్టపర్తి నారాయణాచార్యులు గారు 1990 సెప్టెంబర్ 1న పోయినారు. ఊరికి ఆయన శివతాండవం రాసిన మహాకవి. ఆయన కూతురు నాగపద్మిని గారు తండ్రి గురించి రాసినవి చదివితే ఇంట్లో తిరిగిన మనిషి కనపడతాడు. ఊరు పెట్టిన విగ్రహం ఆ పని చెయ్యలేదు.

దుఃఖం గురించి పడమటి దేశాల్లో చాలా పుస్తకాలు వచ్చినాయి. మనసు వైద్యానికి పునాది వేసిన ఫ్రాయిడ్‌కు తండ్రి 1896లో పోయినాడు. తర్వాత ఆయన రాసిన కలల పుస్తకం ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. అది తండ్రి మరణానికి తనలో కలిగిన స్పందనే అని పుస్తకం పూర్తయినాకే ఆయన గుర్తించినాడు, తండ్రి చావు కంటే మనిషి బతుకులో పెద్ద ఘటన లేదన్నట్టు రాసినాడు. దుఃఖానికి అయిదు దశలు ఉంటాయని మీలో కొందరు వినే ఉంటారు. కాదనుకోవడం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోవడం. అది 1969లో క్యూబ్లర్ రాస్ అనే డాక్టరమ్మ రాసింది. ఆమె అప్పుడు మాట్లాడింది చావుకు దగ్గరైన రోగులతో, వాళ్లు పోయినాక మిగిలిన వాళ్లతో కాదు. అందుకని నాకు కోపం దశ రాలేదే, ఒప్పుకునే దశ ఎప్పుడొస్తుంది అని మెట్లు లెక్కపెట్టుకోవాల్సిన పని లేదు. పోయినవాళ్లను మరిచిపోయి ముందుకు పోవాలి అనే మాట కూడా పరిశోధకుల్లోనే మారింది. 1996 నుంచి వాళ్లు నిలిచిపోయే బంధాల గురించి రాస్తున్నారు. పోయినవాళ్లతో బంధం తెగదు, దాని తీరు మారుతుంది అంటున్నారు. మా మేనత్తకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు.

ఒక సంగతిలో మాత్రం డాక్టర్ల మాట వినాల్సి ఉంది. ఏడాది దాటినా మనిషి తేరుకోలేక, తిండి నిద్ర పని ఏదీ సాగక, బతకడమే బరువైపోతే అది వట్టి దుఃఖం కాదు, వైద్యం కావాల్సిన స్థితి అని 2022లో అమెరికా మానసిక వైద్యులు తమ పుస్తకంలో చేర్చినారు. మన వాళ్లు సంవత్సరీకం వరకు ఏడాది గడువు పెట్టుకున్నారు, వాళ్లూ ఏడాదే పెట్టినారు, గమనించండి. మీ ఇంట్లో అట్లాంటి పరిస్థితి ఉంటే, చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ఏడాది కూడా ఆగొద్దు. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416. పగలు రాత్రి ఎప్పుడైనా చెయ్యొచ్చు, డబ్బు కట్టేది లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మళ్లీ చెబుతున్నాను, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు.

ఇప్పుడు కువైట్ పిల్లవాడి సంగతి చెప్పాలి. నా దగ్గర చదువుకున్నవాడు. మన జిల్లా నుంచి కువైట్‌కు పోయినవాళ్లు ఎంతమందో మీకు చెప్పనక్కరలేదు. వాడు అక్కడ డ్రైవరు. వాళ్లమ్మ ప్రొద్దుటూరులో పోయింది. సెలవు దొరకలేదు. మనకు పొద్దున తొమ్మిది గంటలు, అక్కడ ఆరున్నర. రూములో మిగతావాళ్లు నిద్రపోతుంటే, మెట్ల మీద కూర్చుని ఫోన్లో తల్లిని సాగనంపినాడు. తమ్ముడు వీడియో కాల్‌లో అన్నీ చూపిస్తున్నాడు. స్నానం, పసుపు, పూలు, మోసుకుపోయిన దారి. చివరికి గుంతలో దించినాక, మన్ను వెయ్యాల్సి వచ్చింది. మన్ను వెయ్యడానికి తమ్ముడికి రెండు చేతులూ కావాలి. కాల్ కట్ చెయ్యకుండానే ఫోను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఇంగ నాకు చీకటే సార్. మన్ను పడే చప్పుడు మాత్రం ఇనపడతాండె. వాడి గుండె కొట్టుకునేది కూడా ఇనపడతాండె" అన్నాడు వాడు నాతో.

వాడు ఊరికి వచ్చేసరికి అయిదు నెలలైంది. దినాలు ఎప్పుడో అయిపోయినాయి. ఎన్నాళ్లు సెలవు అని అడిగినారు, దినారు ఎంత నడుస్తోంది అని అడిగినారు. అమ్మ మాట ఎత్తితే పిల్లవాడు బాధపడతాడని అందరూ మంచికే ఆ మాట దాటేసినారు. వాడు మాత్రం ఆ మాట ఎవరైనా ఎత్తుతారేమో అని ఇంటింటికీ తిరిగినాడు. అంతకు ముందైతే నేనూ దాటేసేవాణ్నే. సాయబు నేర్పిన పాఠం నాకు కొత్తగా ఉంది. వాణ్ని వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు పక్క రామేశ్వరం దాటి పెన్న ఏట్లోకి నడిచినాను. ఎండాకాలం, ఏట్లో ఇసుక తప్ప ఏమీ లేదు. ఒక చోట కూర్చుని, "మీ అమ్మ సంగతి చెప్పురా. మొదట్నించి చెప్పు" అన్నాను. వాడు నన్ను చూసినాడు. తర్వాత చేతులతో ఇసుక తోడటం మొదలుపెట్టినాడు. తోడుతూనే చెబుతున్నాడు. వాళ్లమ్మ సందులో తెల్లారుజామునే కారం దోసెలు పోసి అమ్మేది. మొదటి దోసె పెనం మీద విరిగిపోతే అది వాడిది. వాడికి ఇప్పటికీ విరిగిన దోసె చూస్తే గొంతు పట్టుకుంటుందంట. మోచేతి లోతు తోడేసరికి ఇసుక తడిగా తగిలింది. ఇంకొంచెం తోడితే చెలమలో నీళ్లు ఊరినాయి, మొదట బురదగా, కాసేపటికి తేటగా. వాడు ఆ నీళ్లు దోసిట్లో తీసుకుని, తల్లికి పొయ్యలేకపోయిన నీళ్లు అక్కడ ఆ ఇసుకలో వదిలినాడు. మంత్రం లేదు, పంతులు లేడు. చీకటి పడేంత వరకు వాడు చెబుతూనే ఉన్నాడు.

చనిపోయినవాళ్ల పేరిట కాకులకు పిండం పెట్టడం ఏమిటని వేమన నిలదీసినాడు. ఆ మాట అన్నందుకు ఆయన మీద నాకు గౌరవం తగ్గలేదు. ఆచారం ఎవరిది వాళ్లు ఆలోచించుకోవాల్సిందే. పుష్పగిరిలో పిండం పెట్టేవాళ్లు పెట్టనీ, ఫాతెహా చదివేవాళ్లు చదవనీ, ఏదీ వద్దనుకునేవాళ్లు వద్దనుకోనీ. నా మనసును పట్టి పీడించేది వేరే ఉంది. పదకొండు దినాలు ఇప్పుడు చాలా ఇండ్లలో మూడుకు, అయిదుకు కుదించుకుపోతున్నాయి. ఉద్యోగాలు, సెలవులు, పిల్లల చదువులు, ఎవరినీ తప్పు పట్టలేం. ఫోను స్టేటస్‌లో ఫోటో పెడతారు, చౌరస్తాలో అశ్రునివాళి ఫ్లెక్సీ కడతారు. అవీ ప్రేమతో చేసేవే. అయితే ఆ ఫ్లెక్సీ గాలికి చిరిగిపోయే రోజుకు, ఆ ఇంట్లో దుఃఖం అప్పుడప్పుడే మొదలై ఉంటుంది. షామియానా ఎత్తేసిన తర్వాత నలభై రోజులకో, అయిదు నెలలకో ఆ ఇంటి అరుగు ఎక్కే మనిషి కావాలి. పోయినవాళ్ల పేరు నోటితో పలికే మనిషి కావాలి. నీళ్లు తాగినాడా అని అడిగే మనిషి కావాలి.

నాయన సంవత్సరీకానికి అన్న ఇల్లు, మోటారు షెడ్డు అన్నీ సున్నం కొట్టించినాడు. నేను భయపడుతూ తోటకు పోయినాను. షెడ్డుకు రెండు గోడలు తెల్లగా ఉన్నాయి. స్టార్టర్ డబ్బా ఉన్న గోడ మాత్రం అట్లనే ఉంది. అన్నను అడిగితే, సున్నం చాల్లేదు అన్నాడు. ఇంటి వెనక బకెట్టులో సగం సున్నం మిగిలి ఉండటం నేను చూసినాను. ఏమీ అనలేదు.

సంక్రాంతికి మా ఇండ్లలో పెద్దలకు పెట్టుకుంటాం. పోయిన సంక్రాంతికి నాయన ఫోటో ముందు కొత్త పంచె, తుండుగుడ్డ పెట్టి, విస్తరిలో ఓలిగ, కోడికూర, అలసంద వడలు వడ్డించింది వదిన. సాంబ్రాణి పొగ ఇల్లంతా నిండింది. అందరం చేతులు జోడించి నిలబడినాం, ఎవరి మనసులో వాళ్లం. అన్న మనవరాలికి ఆరేండ్లు. అది విస్తరి వైపే చూస్తూ నా చొక్కా పట్టి లాగింది.

"జేజినాయనకు రెండు వడలే పెట్టినారే. చాలునా? ఎన్ని తింటాండె?"

ఉష్ అని వదిన దాని నోరు మూయబోయింది. నేను ఆ పిల్లను దగ్గరికి తీసుకున్నాను.

"నాలుగు తింటాండె" అన్నాను. "అయిదోది తుండుగుడ్డలో మూట కట్టుకోని తోటకు పోతాండె."

"తోటకెందుకు?"

అమ్మ మూల నుంచి అప్పటికే నవ్వుతోంది. అన్న పీట లాక్కుని కూర్చున్నాడు. నేనూ గోడకు ఆనుకుని కూర్చుని పిల్లను ఒడిలో కూర్చోబెట్టుకున్నాను.

"చెప్తా ఉండు. మొదట్నించి చెప్తా."